మేకుకు ఎక్కని చీటీ

సౌభాగ్యవతి అయిన మా ఇంటావిడకు,

నేను ఇక్కడ క్షేమం. అలవాటు కొద్దీ "మేమంతా క్షేమం" అని మొదలుపెట్టి, ఆ కాగితం చించేసి ఇంకోటి తీసుకున్నాను. మేమంతా అనడానికి ఈ ఇంట్లో నేనూ, వరండాలో నీ మొక్కా తప్ప ఇంకెవరున్నారు? మొక్క కూడా క్షేమమే, కొత్త ఆకు వేసింది. నీ ఉత్తరం శుక్రవారం అందింది. జలుబు తగ్గిందని రాశావు, సంతోషం. తగ్గకపోయినా తగ్గిందనే రాస్తావని నాకు తెలుసు. ఆ విషయంలో నువ్వూ నేనూ ఒక్కటే.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని ఆఫీసులో నన్ను ఆటపట్టిస్తుంటారు. పదిహేను రోజులకొక ఉత్తరం అని పద్ధతి పెట్టింది మా ఆవిడే అని చెప్తుంటాను. నువ్వు రైలెక్కే ముందురోజు పెట్టె సర్దుతూ అన్న మాట నాకింకా గుర్తుంది. "ఫోన్‌లో మనం మాట్లాడుకునేది ఏముంది? తిన్నారా, తిన్నాను, పడుకోండి, సరే. ఉత్తరమైతే రెండు పేజీలు నింపాలి కాబట్టి మీరు ఎక్కడో ఒకచోట నిజం రాసి తీరాలి." ఆరు నెలలుగా రెండేసి పేజీలు నింపుతూనే ఉన్నాను. ఈసారి పేజీలు ఎక్కువే అయ్యేలా ఉన్నాయి.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నారా అని అడిగావు. తింటున్నాను. వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటున్నాను, బల్ల దగ్గర కూర్చుంటే ఎదురుగా నీ కుర్చీ కనిపిస్తుంది కాబట్టి. నువ్వు డబ్బాల మీద చీటీలు రాసి అంటించి వెళ్ళావే, అవి అలాగే ఉన్నాయి. పంచదార అని రాసిన డబ్బాలో ఇప్పుడు ఉప్పు ఉంది, ఉప్పు అని రాసిన దాంట్లో నా మాత్రలున్నాయి. ఇంట్లో ఉండేది ఒక్కడినే, నాకు తెలుసు కదా అని చీటీలు మార్చలేదు. మొన్న టీలో రెండు చెంచాల ఉప్పు వేసుకుని తాగాక, నాకు తెలిసినవాటికి కూడా చీటీ ఉండటమే మంచిదని అర్థమైంది. దగ్గు లేదు. కుళాయి బాగు చేయించారా అని అడిగావు, బాగైంది.

నాలుగో ప్రశ్న, కొత్త కంప్యూటరుతో మీ ఆఫీసులో అంత అవస్థ ఏమిటని. దీనికి జవాబు కాస్త పొడుగు, చెప్తాను.

ఈసారి నువ్వు ఈ నాలుగు ప్రశ్నలే అడిగావు. ప్రతి ఉత్తరంలోనూ అడిగే అయిదోది అడగలేదు. కవరు తలకిందులు చేసి కూడా చూశాను, ఇంకో కాగితం ఏమైనా లోపల ఇరుక్కుందేమోనని. లేదు. అక్కడికి నా బదిలీ సంగతి ఏమైందని గానీ, క్వార్టరు గురించి గానీ ఒక్క ముక్క లేదు. భర్త కూడా వచ్చి ఉంటాడన్న మాట మీద ఆసుపత్రివాళ్ళు నీకు ఆ క్వార్టరు ఇచ్చారని, ఈ నెల ముప్పయ్యో తారీకు లోపు నేను రాకపోతే తిరిగి ఇచ్చేయాలని నువ్వే రెండు ఉత్తరాల కిందట రాశావు. ఇప్పుడు అడగడమే మానేశావంటే నాకు గుండెల్లో రాయి పడింది. అడక్కపోయినా ఆ అయిదోదానికి జవాబు ఈ ఉత్తరంలోనే రాస్తాను. కానీ ముందు నాలుగోది చెప్పుకోకపోతే అయిదోది చెప్పడానికి నాకు నోరు పెగలదు.

మా కంపెనీలో సరుకు రెండు రకాలని నీకు తెలుసు. కుర్చీలు, స్టూళ్ళు, దీపపు స్తంభాలు లాంటివి గోదాములో సిద్ధంగా ఉంటాయి. ఇవాళ అడిగితే రేపు వ్యానెక్కుతాయి. రెండో రకం బల్లలు, మంచాలు, అలమారలు. వీటి కాళ్ళూ పలకలూ బోల్టులూ విడివిడిగా ఉంటాయి. కొనేవాళ్ళు కొలత చెప్పాక, వెనక షెడ్డులో మేస్త్రి కోసి, బిగించి, పాలిష్ పెట్టి ఇస్తాడు. ఒక ఆర్డరులో అన్నీ ఒకే రకమైతే గొడవ లేదు. రెండూ కలిసి వస్తేనే నా తలనొప్పి మొదలు. మొన్న ఒకావిడ ఎనిమిది స్టూళ్ళు అడిగింది. గోదాములో ఆరే ఉన్నాయి, రెండు కొత్తగా బిగించి పంపాం. ఆరింటికీ ఎండ తగిలి రంగు వెలిసింది, రెండేమో నిగనిగలాడుతున్నాయి. "ఆరుగురు కూతుళ్ళు, ఇద్దరు కొత్త కోడళ్ళా బాబూ?" అని ఫోన్‌లో దులిపేసింది. నిగనిగలాడేవాటికి కాస్త ఎండ చూపిస్తే వారంలో అన్నీ కలిసిపోతాయండీ అని చెప్పి గట్టెక్కాను.

అలాంటి కలగలుపు ఆర్డరు వచ్చినప్పుడు కొనేవాళ్ళని ఒక మాట అడగాలి. అన్నీ అయ్యాక ఒకేసారి పంపమంటారా, ఉన్నవి ముందు పంపి మిగతావి తర్వాత పంపమంటారా అని. ఒకేసారి అంటే కంప్యూటరే షెడ్డుకి బిగింపు చీటీ అచ్చువేస్తుంది. ఆ చీటీని మేస్త్రి తన బల్ల పక్కనున్న పొడుగాటి మేకుకు గుచ్చుతాడు. వరసలో ఏది ముందొస్తే అది బిగిస్తాడు. మేకుకు ఎక్కని వస్తువు ఈ లోకంలో లేనట్టే లెక్క. అయితే రెండు విడతలుగా అంటే మాత్రం ఆ చీటీ దానంతట అది రాదు. మిగిలిన వస్తువు పక్కన ఇంకో మీట ఉంటుంది, అది మనమే నొక్కాలి. నొక్కడం మర్చిపోయినా తెర మీద ఆ వస్తువు ఎదురుగా "బిగింపులో ఉంది" అని పచ్చటి అక్షరాలతో కనిపిస్తూనే ఉంటుంది. ఎవరో మహానుభావుడు అలా తయారుచేశాడు. ఆయన్ని తిట్టుకుని చేతులు దులుపుకోవచ్చు గానీ, మీట నొక్కనిది నేను.

ఆ ఆర్డరు పెట్టింది ఒక పెద్దాయన. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. రెండు కుర్చీలు, ఒక భోజనాల బల్ల అడిగాడు. కుర్చీలు గోదాములో ఉన్నవే. బల్ల మాత్రం మామూలు ఎత్తు కంటే మూడంగుళాలు ఎక్కువ ఉండాలన్నాడు. వాళ్ళావిడ ఈమధ్యే చక్రాల కుర్చీలోకి మారిందట. మామూలు బల్లకి ఆ కుర్చీ చేతులు అడ్డుతగులుతున్నాయి, కిందికి వెళ్ళడం లేదు. "ఉన్నవి ముందు పంపించెయ్యండి బాబూ, కుర్చీలొస్తే బల్ల కూడా వస్తుందన్న ధైర్యం ఉంటుంది" అన్నాడు. కుర్చీలు మర్నాడే పంపాను. బల్ల రెండు వారాల్లో అని చెప్పాను.

రెండు వారాలు గడిచాక సోమవారం సరిగ్గా పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. నిమిషం ముందూ కాదు, వెనకా కాదు. తెర మీద చూశాను. పచ్చటి అక్షరాలున్నాయి. "తయారవుతోందండీ, వస్తుందండీ" అన్నాను. "సరే బాబూ, తొందరేం లేదు" అన్నాడు. పై సోమవారం పదకొండు గంటలకు మళ్ళీ అంతే. ఆఫీసులో నన్ను వెనకాల ఏమని పిలుస్తారో నీకు చెప్పలేదు కదూ. వస్తుందండీ గారు అంటారు. నీకు తెలిస్తే నువ్వూ అదే పేరుతో పిలుస్తావని దాచాను. అలా ఎనిమిది సోమవారాలు ఎనిమిది ఫోన్లు. ఎనిమిదిసార్లూ వస్తుందండీ. షెడ్డు నా బల్లకి ముప్పై అడుగుల దూరం. ఒక్కసారైనా లేచి వెళ్ళి చూడలేదు. ఎందుకు చూడలేదంటే ఏం చెప్పను? తెర మీద ఉంది కదా అనుకున్నాను. నిజానికి నాలుగో ఫోన్ నుంచి నాకు లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. వెళ్ళి చూస్తే ఏం బయటపడుతుందోనని వెళ్ళలేదు.

తొమ్మిదో సోమవారం ఫోన్ రాలేదు.

పదకొండు అయింది, పావు అయింది, అర అయింది. అందరూ తమ పనుల్లో ఉన్నారు. నేను మాత్రం ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను. ఎనిమిది వారాలు ఆ ఫోన్ మోగితే విసుక్కున్నవాణ్ణి, మోగకపోయేసరికి కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చివరికి లేచి షెడ్డులోకి వెళ్ళి మేస్త్రికి ఆర్డరు నంబరు చెప్పాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీద నుంచి కిందికి దించి, మేకుకున్న చీటీలన్నీ ఒక్కొక్కటే చూశాడు. తర్వాత అయిపోయిన చీటీల కట్ట కూడా చూశాడు.

"ఈ నంబరు నా మేకు ఎక్కనే లేదు మాస్టారూ" అన్నాడు.

"తెర మీద బిగింపులో ఉందని ఉందయ్యా!"

"తెర మీద ఉంటే తెరనే బిగించమనండి. నేను చీటీ చూసి బిగిస్తాను."

తల కొట్టేసినట్టయింది. పది వారాలుగా ఆ బల్లకి ఎవరూ ఒక్క మేకు కొట్టలేదు, ఒక్క చెక్క కొయ్యలేదు. ఇప్పుడు చీటీ వేస్తే వరసలో దాని వంతు రావడానికి ఇంకో ఆరు వారాలు. నేను నీళ్ళు నమలడం చూసి మేస్త్రికి జాలేసింది కాబోలు, "ఆదివారం వస్తారా? మీరూ ఒక చెయ్యేస్తే పూట పని" అన్నాడు. వస్తానన్నాను. ఆ శుక్రవారమే నీ ఉత్తరం వచ్చింది, నాలుగు ప్రశ్నలతో. ఫోన్ చెయ్యని ఆ పెద్దాయనా, అడగడం మానేసిన నువ్వూ ఒకే వారంలో నాకు తగిలారు. శనివారమంతా ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను.

ఆదివారం పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. పాతికేళ్ళుగా బల్లలు అమ్ముతున్నాను గానీ ఒక్క బల్ల కూడా నా చేత్తో బిగించలేదని అప్పుడే తెలిసింది. మేస్త్రి కాళ్ళు కోసి కొలత చూసి ఇచ్చాడు. బోల్టులు నన్ను బిగించమన్నాడు. నా హుషారు కొద్దీ మొదటి కాలు పిడికిలి నొప్పెట్టేదాకా తిప్పి బిగించేశాను. రెండోది పెట్టేసరికి కుదరదు, మూడోది అసలు రంధ్రంలోకే దిగదు. ఆయన నవ్వి, నేను బిగించిందంతా విప్పేశాడు.

"ఒక్క కాలిని ముందే అంత బిగించేస్తే మిగతా మూడూ దాని మాటే వినాలి మాస్టారూ. అలా కుదరదు. నాలుగూ సగం సగం బిగించాలి. నిలబెట్టాలి. అటూ ఇటూ కదిపి సర్దుకోనివ్వాలి. అప్పుడు అన్నీ కలిపి బిగించాలి."

ఈసారి నాలుగూ సగం సగమే బిగించాను. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో, నీకు నా సంగతి తెలుసు కాబట్టి వేరే చెప్పక్కర్లేదు.

సోమవారం వ్యాను డ్రైవరుతో పాటు నేనూ వెళ్ళాను. తప్పు నాదేనని మొహం చూసి చెప్పాలనిపించింది. మేం తలుపు కొట్టేసరికి పదకొండు. అన్ని గడియారాలు బాగుచేసినవాడి ఇంట్లో గోడకి ఒకే ఒక్క గడియారం ఉంది. హాలు మధ్యలో మేం పంపిన రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. వాటి మధ్య నేల మీద సుద్దముక్కతో గీసిన పొడుగాటి గడి. నేను దాని మీద కాలు వేయబోతే పెద్దాయన "ఆగండాగండి, బల్ల ఉందక్కడ" అన్నాడు. తర్వాత తనే సిగ్గుపడ్డాడు. చక్రాల కుర్చీ తిరగడానికి చోటు చాలుతుందో లేదో చూద్దామని మొదటి వారం గీశాడట. ఇల్లు తుడిచినప్పుడల్లా చెరిగిపోతే మళ్ళీ గీస్తున్నాడట. పదకొండు వారాలుగా ఆ ఇద్దరూ, అక్కడ లేని బల్ల చుట్టూ తిరిగి నడుస్తున్నారు.

వాళ్ళావిడ లోపలి గదిలోంచి కుర్చీ తోసుకుంటూ వచ్చింది. పాత బల్ల ఎవరికో ఇచ్చేశారట, కొత్తది వస్తోంది కదా అని. ఆవిడ మంచం పక్కన ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తింటుంటే, ఆయన హాల్లో కుర్చీలో పళ్ళెం చేత్తో పట్టుకుని తింటున్నాడు. "ఒకే ఇంట్లో రెండు ఊళ్ళు పెట్టుకున్నాం" అందావిడ నవ్వుతూ.

నేను నిలబడే చెప్పాను. అమ్మగారూ, బల్ల తయారవుతోందని ఎనిమిదిసార్లు చెప్పాను, అది నిజం కాదు, చీటీ వేయడం మర్చిపోయింది నేనే, నిన్నటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు అని. ఆవిడ, "మూడో ఫోన్‌కే నాకు తెలిసిపోయింది నాయనా" అంది.

"ఎలా తెలిసిందమ్మా?"

"ఈయన అంతే కదా. ఎవరైనా గడియారం రిపేరుకిచ్చి వెళ్తే, ముట్టుకోకుండా పక్కన పడేసినన్నాళ్ళూ 'అవుతోందండీ' అనేవాడు. నిజంగా విప్పాడనుకో, స్ప్రింగు పోయింది, పళ్ళచక్రం అరిగింది అని వచ్చినవాళ్ళ తల తినేసేవాడు. పని జరుగుతుంటే మాటలు మారతాయి నాయనా. మీరు వారం వారం అదే మాట చెప్పారు. పోయిన వారం నేనే ఫోన్ చెయ్యొద్దన్నాను. అడిగిన కొద్దీ ఆ ఆఫీసాయనచేత అదే అబద్ధం ఆడించినట్టవుతుంది, ఎందుకులెండి అన్నాను."

ఆవిడ అంతటితో ఆగలేదు. "ఆలస్యమైందని కాదు మా బాధ. ఇప్పట్లో కాదని ఒక్క ముక్క చెప్పి ఉంటే, పాత బల్ల కాళ్ళ కింద చెక్కలు పెట్టుకుని ఎలాగోలా సర్దుకునేవాళ్ళం కదా. వస్తుందన్నారు కాబట్టి ఏమీ చేసుకోకుండా కూర్చున్నాం" అంది. గొంతు పెంచలేదు, కోప్పడలేదు. తిట్టినా బాగుండేది.

బల్లని సుద్దగీతల మధ్య పెట్టాం. నాలుగు బోల్టులూ మేస్త్రి చెప్పినట్టు సగం సగమే బిగించి తెచ్చాను. వాళ్ళ నేల మీద సర్దుకున్నాక నేనే పూర్తిగా బిగించాను. ఆవిడ కుర్చీ తోసుకుంటూ వచ్చింది. కుర్చీ చేతులు బల్ల కిందికి, ఎక్కడా తగలకుండా వెళ్ళిపోయాయి. ఆవిడ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. ఆయన ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత నన్ను కూడా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మనుషుల మధ్య బల్ల దగ్గర కూర్చుని టీ తాగి ఆరు నెలలైందని ఆ గ్లాసు చేతిలో పట్టుకున్నాక తెలిసింది. నువ్వు బాగా గుర్తొచ్చావు.

ఇక అయిదో ప్రశ్న.

బదిలీ దరఖాస్తు ఇచ్చేశాను, పై ఆఫీసులో ఉంది, వస్తుంది అని నాలుగు నెలలుగా రాస్తున్నాను కదా. ఇవ్వలేదు. నా బల్ల సొరుగులో ఉంది. నింపాను, సంతకం కూడా చేశాను, ఇవ్వలేదు. ఎనిమిది ఉత్తరాల్లో ఎనిమిదిసార్లు ఒకే మాట రాశాను. నువ్వు దాచుకున్న ఉత్తరాలు తీసి చూడు, అక్షరం కూడా మారి ఉండదు. ఏ ఉత్తరానికి నీకు తెలిసిపోయిందో నాకు తెలీదు. మూడోదానికేనేమో.

మర్చిపోయి కాదు. ఆ మీట మర్చిపోయాను గానీ ఇది మర్చిపోలేదు. పాతికేళ్ళ ఉద్యోగం, కొత్త చోట ఎలా ఉంటుందో అని భయం కొంత ఉన్న మాట నిజమే. కానీ దాని వెనక దాక్కోను. నువ్వు వెళ్ళిన రోజు రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపావు, నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇన్‌ఛార్జి సిస్టరుగా వెళ్తున్నావు, ఇన్నేళ్ళు కష్టపడ్డావు, నవ్వక ఏడుస్తావా? అయినా నచ్చలేదు. నేను పక్కన లేకుండా అంత బాగా నవ్వగలదా అనుకున్నాను. రెండు నెలలు పోయాక దరఖాస్తు నింపి, సొరుగులో పెట్టి, అటు పక్క నీకు విసుగొచ్చేదాకా చూద్దాం అనుకున్నాను. నేను రాను అంటే నువ్వు పోట్లాడతావు. వస్తున్నాను, వస్తున్నాను అంటూ రాకపోతే ఒక రోజు నువ్వే విసిగి తిరిగొచ్చేస్తావు. ఇదీ నా లెక్క. రాయడానికే సిగ్గుగా ఉంది. కానీ రెండు పేజీలు నింపితే నిజం రాసి తీరాలని పద్ధతి పెట్టింది నువ్వు.

నువ్వక్కడ ఏం చేశావో ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. రెండు పళ్ళేలు కొన్నానన్నావు. అలమారలో కుడివైపు సగం నా బట్టలకు వదిలేశానని, నీవి ఇంకా పెట్టెలోంచే తీసి కట్టుకుంటున్నానని రాశావు. మీ వార్డు సిస్టర్ ఒకామె, గది దొరక్క అవస్థ పడుతూ, క్వార్టరులో కొన్నాళ్ళు చోటిస్తావా అని అడిగితే, మావారు వస్తున్నారని చెప్పి పంపేశానన్నావు. ఆ అమ్మాయి ఉండి ఉంటే నీకు జలుబు చేసినప్పుడు వేడినీళ్ళయినా కాచి ఇచ్చేది. నువ్వు కూడా లేనిదాని చుట్టూ తిరిగి నడుస్తున్నావు. ఆ సుద్దగీత గీయించింది నేను.

నిన్న మంగళవారం సొరుగులోంచి ఆ కాగితం తీసుకుని మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన చూసి, "మీ ఆవిడ ఉన్న ఊరి బ్రాంచిలో ఆర్డర్ల సీటు ఖాళీగా ఉన్న మాట నిజమేనండీ, కానీ పోయిన నెలే నింపేశారు. నాలుగు నెలల కిందట ఇచ్చి ఉంటే కళ్ళు మూసుకుని వచ్చేది" అన్నాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాను. అక్కడి షెడ్డులో బిగింపు పని ఒకటి ఉందట. మేస్త్రి కింద, రోజంతా నిలబడి చేసేది. మీరు చేసే పని కాదులెండి అన్నాడు. పాత కాగితం అక్కడే చించేసి, ఆ పనికే కొత్త దరఖాస్తు రాసిచ్చాను. మన మేస్త్రిని సిఫారసు రాయమంటే, "బోల్టు బిగించడం వచ్చు, తొందరెక్కువ, చెప్తే వింటాడు" అని రాశాడు. చెప్తే వింటాడన్నది నువ్వు ఒప్పుకోవని తెలుసు.

దరఖాస్తు అందినట్టు ముద్ర వేసిన రసీదు ఈ కవరులో పెడుతున్నాను. దాని మీద తారీకు చూడు. నిన్నటిదే, నాలుగు నెలల కిందటిది కాదు. నా మాట నమ్మమని అడగడానికి మొహం చెల్లక రసీదు పంపిస్తున్నాను. వాళ్ళు తీసుకుంటారో లేదో తెలియడానికి నెల పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. ముప్పయ్యో తారీకులోపు మాత్రం రాదు. వస్తుంది అని నేనింక రాయను. ఏదైనా కదిలితే ఏం కదిలిందో రాస్తాను, కదలకపోతే కదల్లేదని రాస్తాను.

ఇంకొకటి. పైన కుళాయి బాగైందని రాశాను కదా. కాలేదు. గుడ్డ చుట్టి కింద బకెట్ పెట్టాను. ఆ మాట కొట్టేద్దామనుకుని మళ్ళీ వద్దనుకున్నాను. ఎంత సులువుగా అనేస్తానో నువ్వు చూడాలి. రేపు ప్లంబరుని పిలుస్తాను. వచ్చాడో లేదో రాస్తాను.

క్వార్టరు విషయం నీ ఇష్టం. నా కోసం పట్టుకుని కూర్చోకు. ఆసుపత్రివాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పు, ఇద్దరు సిస్టర్లం కలిసి ఉంటామంటే ఒప్పుకుంటారేమో అడుగు. ఆ అమ్మాయికి ఇంకా గది దొరక్కపోతే రమ్మను. రెండో పళ్ళెం ఆమెకి పెట్టు. నా మీద కోపమొస్తే తిట్టు, నాలుగు పేజీలు తిట్టు, చదువుతాను. ఉత్తరం రాయడం మాత్రం మానకు. నువ్వు అడగడం మానేసిన ఆ ఒక్క ప్రశ్నకే నాకు ఇల్లంతా ఖాళీ అయిపోయినట్టుంది.

ఈ ఉత్తరం చదివాక ముందు ఒక్క పని చెయ్యి. పెట్టెలోంచి నీ బట్టలు తీసి, అలమారలో నాకని వదిలిన ఆ సగంలో సర్దుకో. పూర్తిగా నింపెయ్యి. నేను వస్తే, వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి చోటుందా అని అడుగుతాను. ఇవ్వాలనిపిస్తే అప్పుడు ఇద్దువుగాని.

ఇట్లు,
ఇప్పుడే చీటీ వేసిన
మీ ఆయన